మూడు వాగులు, ఏకవచనం

ఎత్తిపోతలలో కడ్డీల దగ్గర నిలబడితే మనం చెప్పే మాట పక్కవాడికి వినపడదు. డెబ్భై అడుగుల పైనుంచి పడే నీళ్ల హోరు అది. అక్కడ నిలబడి 1987లో, గొంతు చించుకుని, ముప్పై మంది పిల్లలకు నేను త్రిత్వం బోధించాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. గ్రేడ్-2 తెలుగు పండితుడి ఉద్యోగం కొత్త. ఆదివారం పూట మా ఊరి లూథరన్ గుళ్లో సండేస్కూలు నా చేతిలో ఉండేది. వానలు వెనకబడ్డాక ఒక శనివారం పిల్లల్ని ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించుకుని, రెండు గిన్నెల పులిహోరతో, మాచర్ల మీదుగా అక్కడికి తీసుకెళ్లాం. అప్పటికి అది గుంటూరు జిల్లా. పల్నాడు జిల్లా అయింది 2022 ఏప్రిల్లో. అక్కడి విశేషం చూసినవాళ్లకు తెలుసు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు మూడూ కలిసి ఒక్క జలపాతమై దూకుతాయి. ఆ నీరు ఇంకాస్త దూరం పోయి కృష్ణలో పడుతుంది.

నాకు ఆ క్షణాన మెరుపు మెరిసినట్టయింది. "పిల్లలూ, వాగులు మూడు. పేర్లు మూడు. కింద పడే నీళ్లు మాత్రం ఒకటే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటే ఇదే" అన్నాను. వేదాంత పాఠశాలల్లో ఏళ్ల తరబడి నేర్పేది ట్రాక్టరు డీజిలు ఖర్చుతో తేల్చేశాననిపించింది.

"సార్, ఏసయ్య ఏ వాగండీ?" అంది ముందు నిలబడ్డ ఓ ఆరో తరగతి పిల్ల.

"చంద్రవంక" అన్నాను తడుముకోకుండా. పేరు బాగుంది గదా.

"మరి పరిశుద్ధాత్మ నక్కలవాగా సార్?"

ట్రక్కు డ్రైవరుతో సహా అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పదండి మొసళ్లను చూద్దాం అని పక్కనే ఉన్న మొసళ్ల పెంపక కేంద్రానికి నడిపించాను. పిల్లలకు గుర్తున్నది మొసళ్లే. నాకు మాత్రం నా ఉపమానం తెగ నచ్చింది. తర్వాతి రెండు నెలల్లో కూటాల్లో, ఇళ్ల ప్రార్థనల్లో, ఒక పెళ్లిలో కూడా వాడాను.

అది నా కాళ్లకే అడ్డం పడింది సంక్రాంతి ముందు.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె కొడుకు నా ఈడువాడే, పట్నంలో పనికి పోయి ఒక కొత్త సహవాసంలో చేరాడు. బాప్తిస్మం యేసు నామంలోనే ఇవ్వాలి, ముగ్గురి పేరు చెప్పి ఇచ్చింది చెల్లదు అనే బోధ వాళ్లది. వాడు వచ్చీ రావడంతోనే సాగర్ కాలువలో మళ్లీ మునిగాడు, తల్లినీ మునగమన్నాడు. ఆమె ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. "అబ్బాయ్, నలభయ్యేళ్ల కింద అయ్యగారిచ్చిన బాప్తిస్మం ఉత్తదేనా? నువ్వు చదువుకున్నోడివి, వాడికి చెప్పు" అంది.

వెళ్లాను. వాళ్ల వసారాలో పది మంది పోగయ్యారు. వాడు బైబిలు నా ముందు పెట్టి, "ఇందులో త్రిత్వం అనే మాట ఎక్కడుందో చూపించు బ్రదర్" అన్నాడు. చిన్నప్పుడు గోలీలాడినవాడు నన్ను బ్రదర్ అనడం అదే మొదలు. ఆ మాట బైబిల్లో లేదు. నాకు తెలుసు. అందుకని నా బ్రహ్మాస్త్రం తీశాను, ఎత్తిపోతల చెప్పాను. వాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అంతే గదా! దూకే చోట నీళ్లు ఒకటే. మూడూ పేర్లే. ఒకే దేవుడు ఒకప్పుడు తండ్రిలా, ఒకప్పుడు కుమారుడిలా, ఇప్పుడు ఆత్మలా వచ్చాడు. మేమనేది అదే. మరి నువ్వెందుకు వాదిస్తున్నావు?"

నా దగ్గర జవాబు లేదు. నా ఉపమానంతోనే వాడు గెలిచాడు. పెద్దమ్మ నా మొహం చూసి లోపలికి పోయి పొయ్యి రాజేసుకుంది.

*

మా గుళ్లో ముసలి ఉపదేశి ఒకాయన ఉండేవాడు. ఎనభై దాటాయి. పాస్టరుగారు నెలకోసారి వచ్చే రోజుల్లో మిగిలిన ఆదివారాలు ఆయనే ఆరాధన నడిపేవాడు, బడి చెప్పేవాడు, సమాధి చేసేవాడు. చదువు ఎనిమిదో తరగతి. వసారా సంగతి ఆయన చెవిన పడింది. ఆదివారం గుడి మెట్ల మీద చేతికర్ర పక్కన పెట్టుకుని నన్ను పిలిచాడు.

"ఏం నాయనా, వాగులు చెప్పావంటగా."

"చెప్పాను తాతా."

"నాలుగు మైళ్లు పైకి పోతే ఏ వాగుకా వాగే గదా. అంటే కలవక ముందు ముగ్గురు దేవుళ్లా?"

నేను నోరు తెరవలేదు.

"కలిశాక ఇది నక్కలవాగు నీళ్లు అని ముంచి చూపించగలవా? అంటే అప్పుడు కొడుకు లేడు, ఆత్మ లేడు. పోనీ మూడింట ఒకటో వంతు ఒకరు, ఇంకో వంతు ఒకరా? దేవుణ్ణి చీటీ పాట చేశావు నాయనా."

ఒక్క ఉపమానంలో మూడు తప్పులు. ఎనిమిదో తరగతి చదివిన మనిషి నిమిషంలో తేల్చాడు. మరి ఏం చెప్పాలి తాతా అన్నాను. ఆయన అడిగాడు: "నువ్వు తెలుగు పంతులువి గదా. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు అయ్యగారు ‘నామములో’ అంటాడా, ‘నామములలో’ అంటాడా?"

"నామములో."

"ఏకవచనమా, బహువచనమా?"

"ఏకవచనం."

"దాని ముందు ‘యొక్కయు’ ఎన్నిసార్లు వస్తది?"

లెక్కపెట్టాను. మూడుసార్లు.

"ఆ కుర్రాడు ఏకవచనం పట్టుకుని యొక్కలు వదిలేశాడు. నువ్వు యొక్కలు పట్టుకుని ఏకవచనం వదిలేశావు. రెండూ పట్టుకోవాలంటే చేతులు నొప్పెడతయ్. పట్టుకోవాలి మరి."

ఆయన ఆ మాట ఎక్కడ నేర్చాడో నేనడగలేదు. ఎవరో పాత అయ్యగారి దగ్గరే అయ్యుంటుంది. ఆ పాత అయ్యగారికి ఇంకా పాతవాళ్లెవరో చెప్పి ఉంటారు. ఆ గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్లడం నాకు అప్పుడు మొదలై, ఉద్యోగం ముగిసినా ముగియలేదు.

*

వెనక్కి వెళ్తే మొదట దొరికేది మాట కాదు, అలవాటు. మొదటి తరాల క్రైస్తవులు యూదుల ఏకదేవుణ్ణి ఒప్పుకుంటూనే యేసుకు మొక్కారు, ఆత్మ తమలో ఉన్నాడన్నారు, ముగ్గురి పేర ముంచారు. ఇదెలా కుదురుతుందని అడిగేవాడు వచ్చేసరికి మాటలు కావాల్సి వచ్చాయి. అంతియొకయ బిషప్పు థియోఫిలస్ 180 ప్రాంతంలో గ్రీకులో ‘త్రియాస్’ అనే మాట వాడాడు. ఆయన లెక్కలో ఆ ముగ్గురు: దేవుడు, దేవుని వాక్కు, దేవుని జ్ఞానం. ఒక తరం తర్వాత ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో తెర్తుల్లియను లాటిన్‌లో ‘ట్రినిటాస్’ అన్నాడు. సారం ఒకటి, వ్యక్తులు ముగ్గురు అనే సూత్రానికి అచ్చు పోసింది ఆయనే. వసారాలో నన్నడిగిన ప్రశ్నకు జవాబు ఇది: మాట బైబిల్లో లేదు, బైబిల్లో ఉన్నదాన్ని కాపాడడానికి వేసిన కంచె అది. పదిహేనేళ్లు ముందు తెలిసుంటే బాగుండేది.

తెర్తుల్లియను ఉపమానాలు చూసి నాకు నవ్వొచ్చింది. వేరు, చెట్టు, పండు. సూర్యుడు, కిరణం, కిరణం కొస. ఊట, ఊటనుంచి ఏరు, ఏటినుంచి పిల్లకాలువ. అంటే నా కంటే పదిహేడు వందల ఏళ్ల ముందే ఒకాయన నీళ్ల దగ్గరికి పోయాడు. ఆయన వాదించిన మనిషి బోధ కూడా నా బాల్యమిత్రుడి బోధే: ఒకే దేవుడు, పాత్రలు మూడు. దాన్నే తర్వాత సబెల్లియసు పేరుతో పిలిచారు. మనవైపు వాళ్లకు దాన్ని విప్పి చెప్పనక్కర్లేదు. పగటివేషగాడు పొద్దున శివుడై వచ్చి మధ్యాహ్నం భిల్లుడై వస్తాడు. గుమ్మంలో ధాన్యం వేసే అమ్మకు లోపలి మనిషి ఒకడే అని తెలుసు. చిక్కేమిటంటే, గెత్సేమనే తోటలో కుమారుడు తండ్రికి ప్రార్థన చేశాడు. వేషగాడు తనకు తానే దండం పెట్టుకుంటాడా?

ఈ చివర అది. ఆ చివర అలెగ్జాండ్రియాలో అరియసు అనే ప్రెస్బితరు. 318 ప్రాంతంలో గొడవ మొదలైంది. కుమారుడు గొప్పవాడే, అందరికంటే ముందువాడే, కానీ తండ్రి చేసినవాడు, ఆయన లేని ఒక కాలం ఉంది అన్నాడు అరియసు. ఆయన తెలివి ఎక్కడుందంటే, బోధను పాటలు కట్టాడు. ఓడ కళాసులు, తిరగలి తిప్పేవాళ్లు పాడుకునే బాణీల్లో. పురుషోత్తమ చౌదరి కీర్తనలతో నేర్చుకున్న తెలుగు క్రైస్తవులకు పాట బలం వేరే చెప్పాలా? వాక్యం మరిచిపోయినవాడికి కూడా చరణం గుర్తుంటుంది.

కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నైసియాలో బిషప్పుల్ని సమావేశపరిచాడు. మూడు వందల మంది దాకా వచ్చారు. కుమారుడు తండ్రితో ‘హోమో ఊసియోస్’, అంటే ఒకే సారం గలవాడు అని రాశారు. నైసియాలో అంతా తేలిపోయిందని నేను చాలాకాలం అనుకున్నాను, చాలామంది పాస్టర్లు ఇప్పటికీ అలాగే చెబుతారు. నిజానికి గొడవ ముదిరింది ఆ తర్వాతే. ‘ఒకే సారం’ అనే మాటకు బదులు ‘పోలిన సారం’ అందామన్నారు కొందరు. గ్రీకులో ఆ రెంటికీ తేడా ఒక్క ‘ఇ’ అక్షరం. ఒక్క అక్షరానికి యాభై ఏళ్ల తగాదా ఏమిటని నవ్వినవాళ్లున్నారు. పల్నాటివాడికి ఆ నవ్వు రాకూడదు. కోడిపోరుతో మొదలై కార్యమపూడిలో ముగిసిన యుద్ధం మనది. అది కోడి కోసం జరిగిందని మనమెవరమూ అనుకోం. ఆ అక్షరం వెనక ఉన్న ప్రశ్న ఇది: యేసులో మనల్ని కలుసుకున్నది దేవుడా, దేవుడు పంపిన గుమాస్తానా?

అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియసు ఆ ప్రశ్న వదల్లేదు. నలుగురు చక్రవర్తుల కాలంలో ఐదుసార్లు వెలివేశారు ఆయన్ని. మొత్తం పదిహేడేళ్లు పరాయిచోట్ల గడిపాడు. సభ పిలిచిన కాన్‌స్టంటైనే 337లో చావుమంచం మీద బాప్తిస్మం తీసుకున్నది అరియసును వెనకేసుకొచ్చిన బిషప్పు చేతిలో. చరిత్రలో సత్యం ఎప్పుడూ తిన్నగా గెలిచిందని చెప్పేవాళ్లను ఇక్కడ ఆపి నిలదీయొచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంవత్సరం మాత్రం 325 కాదు, 362. వెలినుంచి తిరిగొచ్చిన అతనాసియసు అలెగ్జాండ్రియాలో చిన్న సభ పెట్టాడు. రెండు వర్గాలు ఎదురెదురు కూర్చున్నాయి. ఒకరు ‘ఒక హైపోస్టసిస్’ అంటారు, ఇంకొకరు ‘మూడు హైపోస్టసిస్‌లు’ అంటారు. ఇన్నాళ్లూ ఒకరినొకరు పాషండులనుకున్నారు. ఆయన ఇద్దర్నీ అడిగాడు, ఆ మాటతో మీరు చెప్పదలచిందేమిటని. అడిగితే తేలింది: ఒకరు ఆ మాటను సారం అనే అర్థంలో వాడుతున్నారు, ఇంకొకరు వ్యక్తి అనే అర్థంలో. చెప్పేది ఇద్దరిదీ ఒకటే. వసారాలో నేను చేయాల్సిన పని అదే. నా బాల్యమిత్రుణ్ణి ఒక్కసారైనా, నువ్వు ‘ఒక్కడే’ అన్నప్పుడు నీ భయం దేనిగురించి రా అని అడిగి ఉంటే! వాడి భయం న్యాయమైనదే. ముగ్గురు దేవుళ్లవుతారేమోనని.

*

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన ముక్క. నిదానంగా చెబుతాను, ఎందుకంటే నాకు కళ్లు తెరిపించింది ఇదే.

నేటి టర్కీలోని కప్పదోకియ ప్రాంతంనుంచి ముగ్గురు వచ్చారు. బసిలు, ఆయన తమ్ముడు నిస్సా గ్రెగొరీ, స్నేహితుడు నజియాంజు గ్రెగొరీ. సారం అనే మాటను ఒకటికి, హైపోస్టసిస్ అనే మాటను మూడింటికి స్థిరంగా కేటాయించింది వీళ్లే. బసిలు ఆరాధనలో స్తుతి చెప్పేటప్పుడు కొన్నిసార్లు ‘కుమారుని ద్వారా, ఆత్మలో’ తండ్రికి మహిమ అనేవాడు, కొన్నిసార్లు ‘కుమారునితో, ఆత్మతో కూడ’ అనేవాడు. వినేవాళ్లలో కొందరు పట్టుకున్నారు. ‘ద్వారా’ అంటే పనిముట్టు గదా, ‘తో’ అంటే సమానుడు గదా, ఏదో ఒకటి తేల్చమన్నారు. ఆయన 375 ప్రాంతంలో పరిశుద్ధాత్మ మీద ఒక పుస్తకమే రాశాడు. తెరిచి చూస్తే మొదటి అధ్యాయాలనిండా విభక్తులు! లేఖనాల్లో ‘నుండి’ ఎవరికి వాడారు, ‘ద్వారా’ ఎవరికి, ‘లో’ ఎవరికి, ఒకరికి వాడింది ఇంకొకరికి వాడలేదా అని వెతికి వెతికి చూపించాడు. చేతన్ చేన్ తోడన్ తోన్ అని పిల్లల చేత వల్లె వేయించిన నేను, పరలోకం సంగతి ఈ ప్రత్యయాల మీద ఆధారపడిందని ఎన్నడూ అనుకోలేదు.

మన దేశంలోనూ ఒక విభక్తి ఒక మిషనరీని పడగొట్టింది. 1821 నాటి మాట. కలకత్తాలో రామమోహన్ రాయ్, బాప్తిస్టు మిషనరీ విలియం ఆడమ్, ఇంకొకరు కలిసి సువార్తల బెంగాలీ అనువాదం సరిదిద్దుతున్నారు. యోహాను మొదటి అధ్యాయంలో సమస్తం ఆయన ‘చేత’ కలిగిందనాలా, ఆయన ‘ద్వారా’ అనాలా అన్నచోట తగువు పడింది. ఆ తగువులో ఆడమ్ త్రిత్వం వదిలేసి యూనిటేరియన్ అయిపోయాడు. తోటి మిషనరీలు ఆయన్ని ‘పతనమైన రెండో ఆదాము’ అని ఎగతాళి చేశారు. తెలుగు బైబిలు అనువాదకులు ఆ చోట ‘మూలముగా’ అని వేశారు. ఎంత జాగ్రత్త ఉందో చూడండి ఆ మాటలో! పనిముట్టూ కాదు, ఒంటరి కర్తా కాదు.

మళ్లీ నా వాగుల దగ్గరికి. నజియాంజు గ్రెగొరీ 380లో కాన్‌స్టాంటినోపులులో వరసగా ఐదు ప్రసంగాలు చేశాడు. ఐదోది పరిశుద్ధాత్మ మీద. దాని చివర్లో ఆయన ఒప్పుకుంటాడు, ఉపమానం కోసం తాను చాలా వెతికానని. ఊట, పాయ, నది అనుకున్నాడట. ఆ నీరు ప్రవహిస్తూ కదిలిపోతుంది, దేవుడిలో ఆ కదిలిపోవడం లేదు. పైగా మూడూ ఒక్క నీటికి మూడు ఆకారాలనిపిస్తుంది. వదిలేశాడు. సూర్యుడు, కిరణం, వెలుగు అనుకున్నాడు. సూర్యుడొక్కడే వస్తువు, మిగతావి ఆయన గుణాలు అనిపిస్తాయి. అదీ వదిలేశాడు. చివరికి నీడల్లాంటి బొమ్మలన్నీ పక్కనపెట్టి, కొద్ది మాటలు పట్టుకుని, ముగ్గుర్నీ ఒక్క దేవుడిగా ఆరాధిస్తూ బతుకుతానన్నాడు.

ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. నా ఎత్తిపోతలను పదహారు వందల ఏళ్ల కిందట ఒకాయన పరీక్షించి పారేశాడు. ఆయన చెప్పిన కారణం, గుడి మెట్ల మీద తాత చెప్పిన కారణం ఒకటే. ఆ తర్వాత అగస్టీను ఇరవై ఏళ్లు శ్రమపడి పదిహేను భాగాల గ్రంథం రాశాడు. జ్ఞాపకం, తెలివి, ఇచ్ఛ మూడూ ఒకే మనసు అన్న గొప్ప పోలిక తెచ్చి, చివరి భాగంలో అది ఎందుకు చాలదో తానే చెప్పి ప్రార్థనతో ముగించాడు.

381లో కాన్‌స్టాంటినోపులు సభ. నూట యాభై మంది. అంతకుముందు ఒక్క ముక్కతో వదిలేసిన పరిశుద్ధాత్మను, తండ్రితో కుమారునితో కూడ ఆరాధన పొందేవాడని విశ్వాస ప్రమాణంలో చేర్చారు. ఆత్మను ‘దేవుడు’ అని నేరుగా అనలేదు, ఆరాధన అందుకునేవాడన్నారు. బసిలు ముద్ర అది. ఆయన అప్పటికి చనిపోయి రెండేళ్లయింది. ఆ సభకు కొన్నాళ్లు పెద్దగా కూర్చున్న నజియాంజు గ్రెగొరీ కుమ్ములాటలకు విసిగి మధ్యలోనే రాజీనామా చేసి ఊరికి పోయాడు. ఆ పట్నం ఎలా ఉండేదో నిస్సా గ్రెగొరీ చెబుతాడు: చిల్లర అడిగితే కన్నవాడు కననివాడు అని తర్కం చెబుతారు, రొట్టె ధరడిగితే తండ్రి పెద్ద కుమారుడు చిన్న అంటారు, స్నానానికి నీళ్లు కాగాయా అంటే కుమారుడు శూన్యంనుంచి పుట్టాడంటారు. మా మాచర్ల టీకొట్టుకు ఆయన్ని ఎన్నికల ముందు తీసుకొస్తే ఏమనేవాడో.

తర్వాతి కథ నాకంత ఇష్టం లేదు. ఆత్మ ‘కుమారుని నుండియు’ బయలుదేరుతాడని పశ్చిమం ఒక మాట చేర్చింది, 1014కల్లా రోములోనూ పాడారు, తూర్పు సంఘం ఒప్పుకోలేదు. 1054 చీలికలో అదీ ఒక కారణం. 1553లో త్రిత్వాన్ని కాదన్నందుకు మైకేల్ సెర్వెటస్‌ను జెనీవాలో సజీవంగా తగలబెట్టారు. కుమారుడు శత్రువుల్ని క్షమించమన్న మతం అది. ఆ సిద్ధాంతాన్ని నమ్మేవాడిగా చెబుతున్నాను, ఆ మంటకు ఏ సమర్థనా లేదు.

*

ఈ మాటలు మా నల్లరేగడి దాకా ఎలా వచ్చాయి? మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని బెంజమిన్ షుల్జ్ తెలుగు చేశాడు, 1746లో జర్మనీలోని హాలె నగరంలో అచ్చయింది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. 1842లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాలకు మకాం మార్చాడు. ప్రశ్నోత్తరి చదువంటే ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. చదువురానివాళ్లు కూడా నోటికి నేర్చారు. రెంటచింతల లాంటి చోట్ల కతోలికులు ‘పవిత్రాత్మ’ అంటే పక్క వీధి లూథరన్లు ‘పరిశుద్ధాత్మ’ అంటారు. వాళ్లు ‘త్రిత్వైక’ అంటే మేం ‘త్రియేక’ అంటాం. పేరు ఏదైనా ఒకటీ మూడూ ఒకే సమాసంలో ఇరికించారు. సమాసం విడదీసి విగ్రహవాక్యం చెప్పమంటే తెలుగు పండితుడికి చెమటలే.

తెలుగులో నన్ను ఇబ్బంది పెట్టే మాట ‘వ్యక్తి’. ముగ్గురు వ్యక్తులు అనగానే పంచాయతీ అరుగు మీద ముగ్గురు మనుషులు కనపడతారు. పోనీ ‘మూర్తి’ అందామంటే త్రిమూర్తులు కళ్లముందుకొస్తారు. ఎత్తిపోతల పక్కనే దత్తాత్రేయుడి గుడి ఉంది. అక్కడికొచ్చే భక్తులు, అయ్యా మీ త్రిత్వమూ మా దత్తుడూ ఒకటే గదా అని నాతో ప్రేమగానే అన్నారు. అంత ప్రేమగా అన్నమాటను కోసేయడం నాకు చేతకాదు. కానీ సృష్టి ఒకరిది, స్థితి ఒకరిది, లయం ఒకరిది అనే పంపకం వేరు. ముగ్గురూ ప్రతి పనిలోనూ కలిసే ఉంటారు, పని పంచుకోరు అన్న కప్పదోకియవాళ్ల మాట వేరు. రెండిటినీ గౌరవించాలంటే రెండూ ఒకటే అనకూడదు. నెల్లూరులో పుట్టిన పి.చెంచయ్య లాంటి మన ఆలోచనాపరుడు గ్రీకు పదాల మోత మనకెందుకు, ఆత్మ ఇచ్చే కొత్త జీవం చూడండి అని వాదించాడు. ఆయన విసుగు నాకు అర్థమవుతుంది. అయితే గ్రీకులు ఆ పదాలు దాటి మరో దారిలో పోదామని చూసి యాభై ఏళ్లు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చారు.

నైసియా నేడు టర్కీలో ఇజ్నిక్. అక్కడి సరస్సు అడుగున ఒక పాత చర్చి పునాదులు 2014లో విమానంనుంచి తీసిన ఫొటోల్లో కనపడ్డాయి. ఎత్తిపోతలకు దగ్గర్లో సాగర్ నీళ్లకింద ఇక్ష్వాకుల విజయపురి ఉంది. నైసియాలో బిషప్పులు కూర్చునేనాటికి ఆ రాజ్యం కొనవూపిరితో ఉంది. అక్కడి శాసనాల్లో బౌద్ధశాఖల పేర్లు, ఎవరి విహారం వాళ్లది. బుద్ధుడి స్వభావం గురించి వాళ్లూ తర్కించుకున్నారు. రెండు చోట్లా నీళ్లు వచ్చి కప్పేశాయి. ఇందులో అర్థమేమీ వెతకడం లేదు. పోలికల జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

పెద్దమ్మ మళ్లీ మునగలేదు. తాత ఒకరోజు ఆమె ఇంటికి పోయి, మూడు యొక్కలు, ఒక నామం చెప్పి, టీ తాగి వచ్చాడు. వాదించలేదట. ఆమెను సమాధి చేసిన రోజు కొడుకు గుడి బయట నిలబడ్డాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను. వాడు నన్ను ఒరే అని పిలిచాడు.

మొన్న ఏప్రిల్లో మనవళ్లను తీసుకుని ఎత్తిపోతల వెళ్లాను. వాగులు ఎండిపోయే కాలం. జలపాతం మాత్రం నిండుగా దూకుతోంది. ఎండాకాలంలో వచ్చేవాళ్ల కోసం సాగర్ కుడికాలువ నీళ్లు పైన వాగుల్లోకి వదులుతారు.